బడి పేరుతో బయటికెళ్లే మాటను ఎవరు చూస్తున్నారు? నెల్లూరు ప్రైవేటు స్కూళ్లకు, కోచింగ్ సెంటర్లకు ఒక మార్గదర్శి

నెల్లూరులో ఏ ప్రైవేటు స్కూలైనా జిల్లా విద్యాధికారి (డీఈఓ) ఆఫీసుకు ఉత్తరం రాయాలంటే నాలుగుసార్లు చదువుకుంటుంది. కరస్పాండెంట్ సంతకం, స్టాంపు, అవుట్‌వర్డ్ నంబరు, అన్నీ పడ్డాకే కవరు కదులుతుంది. అదే రోజు మధ్యాహ్నం ప్రచారం, అడ్మిషన్లు చూసే పీఆర్వో తన సొంత ఫోన్‌లోంచి కొన్ని వందల మంది తల్లిదండ్రులకు 'సీట్లు పదే మిగిలాయి సార్, రేపట్నించి ఫీజు పెరుగుతుంది' అని వాట్సాప్ కొడతాడు. అది వెళ్లిన సంగతి కూడా ఆఫీసులో ఎవరికీ తెలియదు. స్క్రీన్‌షాట్ తీసి ఎవరైనా ఫిర్యాదు చేస్తే మాత్రం జవాబు చెప్పాల్సింది ఆ ఉత్తరానికి కాదు, ఈ మెసేజ్‌కే.

పెద్ద కార్పొరేట్ సంస్థలకు లీగల్ విభాగాలుంటాయి, వాళ్ల తిప్పలు వాళ్లు పడతారు. నేను రాసేది కావలిలోనో ఆత్మకూరులోనో వేదాయపాళెంలోనో ఐదారొందల మంది పిల్లలతో నడిచే స్కూలు కోసం, మాగుంట లేఅవుట్‌లో రెండంతస్తులు అద్దెకు తీసుకుని నడిపే కోచింగ్ సెంటర్ కోసం. సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు. ఒక రిజిస్టర్, బాధ్యత తీసుకునే ఒక ఏఓ (ఆఫీసు వ్యవహారాలు చూసే అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్), వారానికి ఒక గంట చాలు. పద్ధతి కూడా ఒక్కటే: బయటికెళ్లే ప్రతి వాక్యం వెనక ఒక కాగితం ఉండాలి. ఆ కాగితం మారితే వాక్యం కూడా మారాలి.

1. ముందు దారులన్నీ రాసుకోండి

ఒక తెల్ల కాగితం తీసుకుని, బడి మాట ఏ ఏ దారుల్లో బయటికి పోతోందో రాయండి. తరగతి వాట్సాప్ గ్రూపులు, బ్రాడ్‌కాస్ట్ లిస్టులు, బల్క్ ఎస్సెమ్మెస్, ఫేస్‌బుక్ పేజీ, ఇన్‌స్టా రీల్స్, ట్రంక్ రోడ్డు ఫ్లెక్సీలు, ఆదివారం పేపర్లో పెట్టించే పాంప్లెట్లు, ఆటో మైకు, కేబుల్ టీవీ స్క్రోలింగ్, బస్సు వెనక రాత, డైరీ మొదటి పేజీ, ఫీజు రసీదు, రిసెప్షన్‌లో అమ్మాయి ఫోన్‌లో చెప్పే మాట.

ఇంతవరకూ అందరూ రాస్తారు. వదిలేసేవి మూడుంటాయి. టీచర్ల వాట్సాప్ స్టేటస్ మొదటిది. వేసవిలో అడ్మిషన్ టార్గెట్లు ఇచ్చి టీచర్లను ఇంటింటికీ తిప్పే బళ్లలో ఒక్కో టీచర్ ఒక్కో ప్రకటన బోర్డు అయిపోతాడు. తలకింత అని కమీషన్ తీసుకుని పిల్లల్ని చేర్పించే బయటి ఏజెంట్లు రెండోది. వాళ్లు మీ జీతగాళ్లు కాకపోవచ్చు, వాడేది మాత్రం మీ పేరు, మీ లోగో. మూడోది పాత సరుకు. నిరుటి పాంప్లెట్ ఫొటో, మూడేళ్ల కిందటి రీల్, గూగుల్‌లో ఎప్పుడో పెట్టిన వివరణ ఇంకా తిరుగుతూనే ఉంటాయి.

ప్రతి దారి పక్కన ఇద్దరి పేర్లు రాయండి, రాసేదెవరు, పంపే ముందు చూసేదెవరు అని. రెండు చోట్లా ఒకే పేరు వస్తే ఆ దారిని ముందు సరిచేయాలి.

2. మీ మాటకు తగిలే చట్టాలు

లాయరు దగ్గరికి వెళ్లేముందు మీకే తెలియాల్సినవి కొన్ని ఉన్నాయి. అన్నిటికన్నా ఎక్కువగా తగిలేది 2009 విద్యాహక్కు చట్టం. అది 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు వర్తిస్తుంది. అందులో 13వ సెక్షన్ క్యాపిటేషన్ ఫీజునూ, చేర్చుకునేటప్పుడు జరిపే వడపోతనూ నిషేధించింది. స్కూలు ప్రకటించిన ఫీజు కాకుండా ఏ పేరుతో తీసుకున్నా అది క్యాపిటేషన్ ఫీజే. జరిమానా తీసుకున్న దానికి పది రెట్ల దాకా పడొచ్చు. ఒక పిల్లాణ్ణి కాదని ఇంకొకణ్ణి ఎంచుకునే ఏ పద్ధతైనా, లాటరీలాంటిది తప్ప, వడపోత కిందికే వస్తుంది. దానికి మొదటిసారి 25,000 రూపాయల దాకా, ఆ తర్వాత ప్రతిసారీ 50,000 దాకా జరిమానా. మన రాష్ట్రంలో క్యాపిటేషన్ ఫీజు నిషేధానికి 1983 నుంచే వేరే చట్టం కూడా ఉంది.

అదే చట్టంలో 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా పిల్లల్ని బడి నుంచి తీసేయకూడదు. 17వది శారీరక దండననే కాదు, మానసిక వేధింపునూ నిషేధిస్తుంది. ఇప్పుడు మీ ఐదో తరగతి గ్రూపు తెరిచి చూడండి. 'ఈ కింది విద్యార్థులు ఫీజు బకాయి, సోమవారం లోపు కట్టనిచో పేరు తొలగించబడును' అని పేర్లతో సహా ఉందా? రెండు సెక్షన్లకూ ఒకే మెసేజ్‌తో దొరికినట్టే. బకాయి సంగతి ఆ ఇంటికి మాత్రమే, విడిగా చెప్పాలి.

18వ సెక్షన్ గుర్తింపు లేకుండా నడిపే బడికి సంబంధించింది. లక్ష రూపాయల దాకా జరిమానా, ఆగకపోతే రోజుకు 10,000. పై తరగతులకు పర్మిషన్ ఫైలు కదులుతుండగానే 'ఈ ఏడాది నుంచి' అని ఫ్లెక్సీ వేయడం మనకు అలవాటే. ఆ ఫ్లెక్సీ మీ మీద మీరే రాసిచ్చిన సాక్ష్యం. 'సీబీఎస్ఈ ప్యాటర్న్' కూడా అలాంటిదే. స్టేట్ గుర్తింపు మాత్రమే ఉన్న బడి ఆ నాలుగక్షరాలను పెద్దగా, ప్యాటర్న్ అన్న మాటను చిన్నగా వేస్తే ఎవరిని నమ్మించడానికో అందరికీ తెలుసు.

కోచింగ్ సెంటర్లు చదవాల్సింది ఇంకోటి. కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2024 నవంబరులో కోచింగ్ రంగంలో తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద మార్గదర్శకాలు తెచ్చింది. ర్యాంకరు ఫొటో వేస్తే పేరు, ర్యాంకు, తీసుకున్న కోర్సు, ఎన్నాళ్లు చదివాడు, డబ్బు కట్టి చదివిన కోర్సా కాదా అన్నీ చెప్పాలి. షరతులను చీమతలకాయంత అక్షరాల్లో వేస్తే కుదరదు, ప్రకటన ఎంత సైజులో ఉంటే అవీ అంతే ఉండాలి. లేని తొందర పుట్టించే 'కొన్ని సీట్లే' లాంటి మాటలు కూడా అందులో నిషిద్ధమే. వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. తల్లిదండ్రులు 1915కు ఫోన్ చేస్తే చాలు, ఫిర్యాదు నమోదవుతుంది. కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో కోచింగ్ సెంటర్ల మీద ఇచ్చిన మార్గదర్శకాల్లో 16 ఏళ్ల లోపు వాళ్లను చేర్చుకోవద్దని ఉంది. దాన్ని దగ్గర పెట్టుకునే 'ఆరో తరగతి నుంచే నీట్' పాంప్లెట్ రాయాలో వద్దో ఆలోచించండి.

ఫోన్ నంబర్ల సంగతి. పదో తరగతి పిల్లల లిస్టులు చేతులు మారడం ఎండాకాలంలో బహిరంగ రహస్యమే. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 నిండనివాళ్లంతా పిల్లలే. వాళ్ల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాలి. పిల్లల విషయంలో బాధ్యత తప్పితే జరిమానా 200 కోట్ల దాకా ఉంది. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ప్రధాన బాధ్యతలు 18 నెలల తర్వాత అమల్లోకి వస్తాయి. చదువు కోసం, భద్రత కోసం హాజరు, బస్సు ట్రాకింగ్ లాంటివి చూసుకోవడానికి విద్యాసంస్థలకు కొంత మినహాయింపు ఉంది. ప్రచారానికి లేదు. ఇక మామూలు సెల్ నంబర్ల నుంచి ప్రచార కాల్స్ చేయిస్తే, ఫిర్యాదులు నిజమని తేలితే టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆదేశాల ప్రకారం కనెక్షన్లు తీసేసి బ్లాక్‌లిస్టులో పెట్టొచ్చు. బల్క్ ఎస్సెమ్మెస్ పంపాలంటే టెలికం కంపెనీల రిజిస్ట్రేషన్ వ్యవస్థ డీఎల్‌టీలో హెడర్ (పంపేవారి పేరు), టెంప్లేట్ (మెసేజ్ నమూనా) రిజిస్టర్ అయి ఉండాలి.

3. నంబర్లు బడి పేరు మీదికి తెచ్చుకోండి

సంస్థ పేరు మీద రెండు సిమ్ములు తీసుకోండి, ఒకటి అడ్మిషన్లకు, ఒకటి తల్లిదండ్రులకు. రెండిట్లోనూ వాట్సాప్ బిజినెస్. తరగతి గ్రూపులన్నిటికీ ఆ నంబరే అడ్మిన్. సెట్టింగుల్లో అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టేలా మార్చండి, డిసప్పియరింగ్ మెసేజ్‌లు ఆపేయండి. నెలాఖరులో చాట్ ఎక్స్‌పోర్ట్ చేసి బడి ఈమెయిల్‌కు పంపి ఉంచండి. వివాదం వస్తే మీరు ఏం చెప్పారో చూపించాల్సింది మీరే కదా.

టీచర్ ఉద్యోగం మానేసిన రోజే గ్రూపుల నుంచి తీసేయాలి. జీతం సెటిల్‌మెంట్ కాగితంలో ఇదొక గడి పెట్టండి, మర్చిపోరు.

కొందరు యాజమాన్యాలు ఇక్కడ హద్దు దాటతారు. టీచర్ల సొంత ఫోన్లు తీసుకుని చాట్లు చూడటం, స్టాఫ్ గ్రూపులో ఎవరు ఏం అన్నారో ఆరా తీయడం. అది నిఘా. దాంతో వచ్చే లాభమూ లేదు, పరువూ లేదు. చూడాల్సింది బడి పేరుతో బయటికెళ్లే మాటనే. ఏ ఏ నంబర్లు, ఏ ఏ గ్రూపులు తనిఖీలో ఉంటాయో స్టాఫ్‌కు ముందే రాతపూర్వకంగా చెప్పి సంతకాలు తీసుకోండి. సొంత ఫోన్ నుంచి అడ్మిషన్ల ప్రచారం చేయకూడదని చెప్పాలంటే ముందు మీరు అడ్మిషన్ టార్గెట్ ఎత్తేయాలి. టార్గెట్ ఉంచి ఫోన్ వద్దంటే ఎవరూ వినరు.

4. మెసేజ్‌ని విప్పి చూడటం

మార్చిలో తిరిగే మెసేజ్‌లు ఎలా ఉంటాయో చూపించడానికి ఒకటి అల్లాను.

'6వ తరగతి అడ్మిషన్లకు ఆదివారం ఎంట్రన్స్ టెస్ట్. పరిమిత సీట్లు, త్వరపడండి! ఐఐటీ సీటు గ్యారంటీ. బిల్డింగ్ ఫండ్ 5,000 మాత్రమే. కట్టిన డబ్బు తిరిగి ఇవ్వబడదు.'

ఆరో తరగతి పిల్లాడికి ఎంట్రన్స్ అంటే వడపోత. స్కాలర్‌షిప్ టెస్ట్ అని పేరు మార్చినా, దాని మార్కులతోనే సీటు ఇస్తే అదీ వడపోతే. చేరిపోయిన పిల్లలకు రాయితీ ఇవ్వడానికి పెట్టే పరీక్ష వేరు. 'పరిమిత సీట్లు' నిజమైతే సంఖ్య చెప్పొచ్చు, చెప్పలేకపోతే అది తొందరపెట్టడమే. గ్యారంటీ గురించి చెప్పేదేముంది, ఐఐటీ సీటు మీ చేతుల్లో లేదు. ప్రకటించిన ఫీజులో లేని బిల్డింగ్ ఫండ్ క్యాపిటేషన్ ఫీజు కిందికి వస్తుంది, పైగా మొత్తం కూడా మీరే రాసిచ్చారు కాబట్టి పది రెట్లు ఎంతో అధికారులు లెక్కేసుకోవడం సులువు. తిరిగి ఇవ్వబడదు అన్న ఒక్క ముక్కను పట్టుకుని వినియోగదారుల కమిషన్‌కు వెళ్లేవాళ్లు ఉంటారు.

అదే విషయం ఇలా పంపొచ్చు:

'6వ తరగతిలో చేరడానికి దరఖాస్తులు ఇస్తున్నాం. మొత్తం సీట్లు 40. దరఖాస్తులు అంతకన్నా ఎక్కువ వస్తే తల్లిదండ్రుల ఎదుటే లాటరీ తీస్తాం. ప్రవేశ పరీక్ష లేదు. ఏడాది ఫీజు ఎంతో, అందులో ఏమేం ఉన్నాయో నోటీసు బోర్డులో ఉంది. మధ్యలో మానేస్తే ఫీజు ఎంత వెనక్కి వస్తుందో దరఖాస్తు వెనక రాశాం.'

చప్పగా ఉంది సార్, అడ్మిషన్లు రావు అంటారు పీఆర్వోలు. వాళ్ల బాధ అర్థమవుతుంది. కానీ మధ్యలో మానేస్తే ఎంత వెనక్కిస్తారో ముందే రాసిచ్చే స్కూలు ఎదురైతే తల్లిదండ్రులు ఆగి రెండోసారి చదువుతారు. అలాంటి కాగితం వాళ్లకు చాలా చోట్ల దొరకదు మరి.

ఇలా విప్పడం అలవాటయ్యేదాకా ఆగి చూడాల్సిన మాటల జాబితా ఒకటి పీఆర్వో టేబుల్ మీద అతికించండి: గ్యారంటీ, నూటికి నూరు శాతం, నంబర్ వన్, చివరి అవకాశం, డొనేషన్, డెవలప్‌మెంట్ ఫండ్, ఎంట్రన్స్, నాన్ రిఫండబుల్, ప్రభుత్వ ఉత్తర్వుల మేరకు. ఈ మాటలు వాడకూడదని కాదు. ఇవున్న మెసేజ్ ఏఓ ఇనీషియల్ లేకుండా కదలకూడదు. 'ప్రభుత్వ ఉత్తర్వుల మేరకు' అన్నదానికి జీవో నంబరు, తేదీ పక్కనే ఉండాలి.

ఫోన్‌లో చెప్పే మాటకు కాగితం ఉండదు. అందుకే రిసెప్షన్‌కు ఐదారు ప్రశ్నలకు జవాబులు రాసివ్వండి. అన్నిటికన్నా ముఖ్యం ఒకటో తరగతిలో 25 శాతం ఉచిత సీట్ల గురించి ఎవరైనా అడిగితే చెప్పేది. 'మా దగ్గర అవి లేవండి' అని తేలిగ్గా అనేస్తుంటారు. ప్రభుత్వ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలని, కేటాయింపు అక్కడి నుంచే వస్తుందని చెప్పడమే సరైన జవాబు.

5. రిజల్ట్ రోజు

ఏడాది మొత్తంలో అసలు టెన్షన్ ఈ ఒక్క రోజే. ఇంటర్, పది, జేఈఈ, నీట్ ఏదైనా సరే, ఫలితం వచ్చిన గంటకల్లా మద్రాసు బస్టాండు దగ్గర ఫ్లెక్సీ లేవాలి, మర్నాడు పేపర్లో పేజీ పడాలి. పక్కవాడు వేసేశాడని ఫోన్లు మోగుతుంటాయి. అప్పుడు ఎవరూ చట్టం చూడరు కాబట్టి చూడాల్సిందంతా ముందు వారమే చూసి పెట్టుకోవాలి.

డిజైన్ ముందే చేయించండి. ఒక్కో ఫొటో కింద పేరు, ర్యాంకు, కోర్సు, వ్యవధికి ఖాళీలు వదలండి. ఖాళీ నిండకపోతే ఫొటో ఎక్కదని ప్రింటింగ్ ప్రెస్‌కు కూడా చెప్పి ఉంచండి. సమ్మతి పత్రాలు జూన్‌లో అడ్మిషన్ ఫారంతోపాటే సంతకం పెట్టించుకుంటే సరిపోతుందనుకుంటారు చాలామంది. సరిపోదు. కోచింగ్ మార్గదర్శకాల ప్రకారం సమ్మతి తీసుకోవాల్సింది ఫలితం వచ్చాకే. కాబట్టి ఆ రోజు ఇద్దరు మనుషులకు ఇదే పని అప్పగించండి. పిల్లాడితోనూ, మైనరైతే తల్లిదండ్రులతోనూ సంతకం తీసుకుని, దాని ఫొటో ఆఫీసు నంబరుకు వచ్చాకే ఆ పేరును డిజైనర్‌కు పంపాలి.

రెండు నెలల క్రాష్ కోర్సుకు వచ్చిన పిల్లాడు ఇంకో సంస్థలో రెండేళ్లు చదివి ఉంటాడు. వాడి ఫొటో వేసుకోవచ్చు, పక్కన 'రెండు నెలల క్రాష్ కోర్సు' అని అదే సైజులో వేయాలి. అలా వేయడానికి మనసొప్పకపోతే ఆ ఫొటో మీకు అక్కర్లేదు.

6. శనివారం గంట

ఏఓ ప్రతి శనివారం ఒక గంట కూర్చోవాలి. ఒక్కో దారి నుంచి ఐదు మెసేజ్‌లు, అవీ ముందుగా చెప్పకుండా ఏరినవి చదవాలి. తెలిసినవాళ్లతో అడ్మిషన్ నంబరుకు మామూలు తల్లిలా ఫోన్ చేయించాలి. ఫీజు ఎంత, డొనేషన్ ఉందా, టెస్ట్ ఉందా అని అడిగించి జవాబు రాసుకోవాలి. జనవరి నుంచి జూన్ దాకా ఈ గంటను రోజుకు పదిహేను నిమిషాలుగా మార్చండి, ఎందుకంటే సంక్రాంతి శుభాకాంక్షల ఫ్లెక్సీతోనే అడ్మిషన్ల మాట మొదలైపోతుంది.

రిజిస్టర్లో గడులు: తేదీ, ఏ దారి, వాక్యం యథాతథంగా, వెనకున్న కాగితం, తేడా ఏంటి, ఏం చేశాం, సంతకం. 'అన్నీ బాగున్నాయి' అని వారం వారం రాసి ఉన్న రిజిస్టర్ ఇన్‌స్పెక్షన్‌లో ఎవరినీ నమ్మించదు. దొరికిన తప్పులు, సరిచేసిన తేదీలు ఉన్న రిజిస్టరే మిమ్మల్ని కాపాడుతుంది.

7. రూలు మారిన రోజు

విద్యాశాఖలో రూళ్లు మారినంత వేగంగా మన పాంప్లెట్లు మారవు. 2021 ఆగస్టులో ప్రభుత్వం జీవో 53తో స్కూళ్లకు, జీవో 54తో జూనియర్ కాలేజీలకు ఫీజులు ఖరారు చేసింది. అదే ఏడాది డిసెంబరులో హైకోర్టు రెండింటినీ కొట్టేసింది. ఆ కొద్ది నెలల్లో ఏ బడి ఏ తేదీన ఏ ఫీజు చెప్పిందన్నది తర్వాత తేల్చాలంటే పాత మెసేజ్‌లే దిక్కు. 2025–26లో ఇంటర్ మొదటి సంవత్సరానికి ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్ వచ్చింది, మ్యాథ్స్ రెండు పేపర్లూ ఒకటైపోయాయి. పాత మార్కుల లెక్కతో ప్రచారం చేసే పాంప్లెట్ ఆ రోజుతో తప్పుడు ప్రకటన అయిపోయింది.

అందుకే రిజిస్టర్లో ప్రతి స్థిరమైన వాక్యం పక్కన అది ఏ జీవో మీద, ఏ సర్క్యులర్ మీద నిలబడిందో రాయమన్నాను. జీవో మారితే ఆ నంబరుతో వెతకండి. ఏ ఫ్లెక్సీ దించాలో, ఏ టెంప్లేట్ ఆపాలో, వెబ్‌సైట్లో ఏ లైను మార్చాలో అరగంటలో తేలిపోతుంది. కొత్త వాక్యం రాయించి, పాతదాన్ని 'రద్దు' అని కొట్టేసి తేదీ వేయాలి. పాత పేజీ చింపొద్దు. కోర్టు స్టే ఇస్తే మళ్లీ దానితో పని పడొచ్చు.

మండల విద్యాధికారి (ఎంఈఓ) గ్రూపులో వచ్చిన పీడీఎఫ్ కూడా ఫార్వర్డే. ఉత్తర్వు మీదుండే ఆర్‌సీ నంబరు, తేదీ, సంతకం చూసి, శాఖ వెబ్‌సైట్లోనో డీఈఓ ఆఫీసులోనో సరిచూశాకే తల్లిదండ్రులకు పంపాలి. ఇది ఎక్కువగా అవసరమయ్యేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. బంగాళాఖాతంలో వాయుగుండం అనగానే రాత్రి తొమ్మిదింటికే 'రేపు జిల్లా అంతటా సెలవు' అని నకిలీ ఉత్తర్వులు తిరుగుతాయి, కొన్ని నిరుటి ఉత్తర్వుకు తేదీ మార్చినవి. కలెక్టర్ గారి అధికారిక ప్రకటన చూడకుండా సెలవని పెట్టినా, సెలవు ఇచ్చాక 'పదో తరగతికి మాత్రం క్లాసులుంటాయి' అని పెట్టినా ఇబ్బందే. రెండోది మరీ ప్రమాదం. ఆ వానలో బస్సుకు ఏదైనా జరిగితే ఆ మెసేజే మొదటి పేజీలో వస్తుంది.

8. తప్పు బయటికెళ్లిపోతే

అందరూ మొదట చేసే పని డిలీట్ ఫర్ ఎవ్రీవన్. అది చేయకండి. అప్పటికే స్క్రీన్‌షాట్లు పోయి ఉంటాయి. మీ దగ్గర మాత్రం ఆధారం లేకుండా పోతుంది, దాచినట్టూ కనిపిస్తుంది. ముందు మీరే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. తర్వాత అదే గ్రూపులో, అంతే స్పష్టంగా సవరణ పెట్టండి: 'నిన్న 6వ తరగతి ఎంట్రన్స్ టెస్ట్ అని పంపిన సమాచారం తప్పు. అలాంటి పరీక్ష లేదు. అందుకోసం ఎవరైనా డబ్బు కట్టి ఉంటే ఆఫీసులో రసీదు చూపి వెనక్కి తీసుకోవచ్చు.' ఫ్లెక్సీ తప్పయితే దాన్ని దించుతున్న ఫొటో కూడా రిజిస్టర్లో అతికించండి. ఒక పిల్లాడి పేరో ఫొటోనో వెళ్లకూడని చోటికి వెళ్లిపోతే మాత్రం దాన్ని తీసేయడమే ముందు, స్క్రీన్‌షాట్ ఆఫీసు ఫైల్లోనే ఉండాలి.

పిల్లల మీద దాడి, వేధింపు లాంటి ఘటన జరిగితే సవరణలూ వివరణలూ ఏవీ గ్రూపుల్లో పెట్టకండి. బాధిత పిల్లల పేరు గానీ, తరగతి గానీ, గుర్తుపట్టేలా చేసే ఇంకేదైనా గానీ బయటపెట్టడం జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ కింద నేరం. ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా. టీచర్లకు చెప్పాల్సిన మాట ఒక్కటే ఉంటుంది: 'ఈ విషయం ప్రిన్సిపాల్ గారే మాట్లాడతారు.' ఆ వాక్యాన్ని కూడా ముందే రాసి స్టాఫ్ రూములో పెట్టండి.

నోటీసు వస్తే గడువు తేదీని మొదట ఎర్ర సిరాతో రాసుకుని, ఫిర్యాదులో ఉన్న మెసేజ్‌ని రిజిస్టర్లో వెతకండి. దొరికితే జవాబులో మూడు పేజీలు జతచేయండి: ఆ వాక్యం వెళ్లిన రోజు ఎంట్రీ, దాని వెనకున్న కాగితం, సరిచేసిన రోజు ఎంట్రీ. దొరకకపోతే ఆ మెసేజ్ ఏ నంబరు నుంచి వెళ్లిందో చూడండి. మీ జాబితాలో లేని దారి ఒకటి బయటపడుతుంది. మొదటి మెట్టులో రాసిన ఆ తెల్ల కాగితం మీద దాన్నీ చేర్చండి.